గళ్ళు గీసేది ఎవరు?

'సిస్టమ్స్ అనాలిసిస్ అండ్ డిజైన్' అనే పాఠం గురించి స్త్రీల హక్కుల పత్రికలో చర్చ ఎందుకని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్న పిల్లలు చదివే పేపర్లలో అదొకటి. ఒక ఆఫీసులోనో కొట్లోనో జరిగే పనిని గమనించి, అందులో సమాచారం ఎక్కడినుంచి వస్తోంది, ఎవరికి చేరుతోంది, దాన్ని ఏ రూపంలో దాచాలి అని తేల్చుకుని, తగిన కంప్యూటరు వ్యవస్థను తయారుచేయడం ఎలాగో అందులో నేర్పుతారు. పైకి చూస్తే ఇందులో ఆడా మగా అనే ప్రసక్తి లేదు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. బుచ్చిరెడ్డిపాలెంలో ఒకేరోజు కలిసిన ఇద్దరు స్త్రీలు నా అభిప్రాయం మార్చారు.

నెల్లూరు నుంచి ముంబై రోడ్డు మీద వస్తే తగిలే ఊరు బుచ్చి. కనిగిరి రిజర్వాయరు నీళ్ళతో వరి పండే ప్రాంతం. మొదటి ఆమె ఆ పక్క పల్లెలో నాట్లకూ కలుపుకూ పోయే కూలీ. భర్త ఆమెను వదిలేసి వేరే ఊళ్ళో ఇంకొకామెతో ఉంటున్నాడు. ఆరేళ్ళుగా ఇద్దరు పిల్లల్ని ఒక్కతే సాకుతోంది. కానీ ఆమె పేరు ఇప్పటికీ భర్త కుటుంబం రేషన్ కార్డులోనే ఉంది. వేరే కార్డు కావాలంటే ముందు అందులోంచి పేరు తీయించుకోవాలి. పేరు తీయాలంటే విడాకుల కాగితం తెమ్మన్నారట. "వాడు నన్ను వదిలింది నోటితో అమ్మా, కాగితంతో కాదు. కాగితం నేనేడ తేవాల?" అని అడిగింది. దరఖాస్తు తీసుకున్న అమ్మాయి దురుసు మనిషేమీ కాదు. "నా చేతుల్లో ఏం లేదక్కా, కంప్యూటరు తీసుకోవడం లేదు" అందట. అంతకుముందు ఇంకో పనికి పోతే ఫోనుకు వచ్చిన నంబరు చెప్పమన్నారు. ఆ నంబరు వెళ్ళింది భర్త ఫోనుకు!

ఆ సాయంత్రం నేను దిగిన స్నేహితురాలి ఇంట్లో వాళ్ళమ్మాయి కాగితాలు పట్టుకొచ్చింది. డిగ్రీ చదువుతోంది. "పిన్నీ, ప్రాజెక్టుకు లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ తీసుకున్నా, కాస్త చూస్తారా?" అంది. చక్కగా స్కేలు పెట్టి గీసిన చదరాలు, వృత్తాలు, బాణాలు. ఇవన్నీ ఎవర్ని అడిగి వేశావమ్మా అంటే నవ్వేసింది. "అడిగేదేముంది పిన్నీ, సీనియర్లది ఉండాది, చూసి వేశా."

ఈ రెండు సంఘటనలకూ సంబంధం ఉందని నాకు రాత్రి పడుకున్నాక తట్టింది. 'కంప్యూటరు తీసుకోవడం లేదు' అన్న వాక్యంలో కర్త కంప్యూటరు. కానీ కంప్యూటరుకు విడాకుల కాగితం కావాలన్న కోరిక దానంతట అదే పుట్టదు. విడిపోయిన భార్య అంటే కోర్టు నుంచి కాగితం తెచ్చుకున్న భార్యే అని ఒక గదిలో కూర్చుని ఎవరో నిర్ణయించారు. ఎవర్ని అడిగి నిర్ణయించారు? ఆ నిర్ణయం ఎలా చేయాలో నేర్పే చదువే ఈ అమ్మాయి చదువుతున్నది. అడిగేదేముంది, ముందువాళ్ళది చూసి వేయడమే అన్నది కాలేజీలోనే అలవాటైతే, రేపు ఆఫీసులో కూర్చున్నప్పుడు మాత్రం అడగాలని ఎందుకు తోస్తుంది?

నిజానికి ఆ పుస్తకంలో మొదటి పాఠమే 'అడగడం' గురించి. అవసరాలు తెలుసుకోవడానికి ముఖాముఖి, ప్రశ్నావళి, పరిశీలన, పాత రికార్డులు చూడడం అని పద్ధతులు చెబుతారు. సమాజశాస్త్ర విద్యార్థులకు మేం నేర్పేదీ ఇదే. తేడా ఎవర్ని అడగాలన్న దగ్గర వస్తుంది. అక్కడ 'యూజర్' అంటే చాలావరకు ఆఫీసులో మీటలు నొక్కే మనిషి, ఆ పైన ఖర్చు భరించే అధికారి. రేషన్ షాపు మిషను విషయంలో యూజర్ డీలరు అవుతాడు. బియ్యం తీసుకుని వండి ఇంటిల్లిపాదికీ పెట్టే మనిషి యూజర్ కాదు, ఆమె 'డేటా'. 2015 నుంచి మన రాష్ట్రంలో రేషన్ షాపుల్లో వేలిముద్రల మిషన్లు వచ్చాయి. నాట్లు వేసి, అంట్లు తోమి, పేడ ఎత్తి అరిగిపోయిన వేళ్ళకు ముద్ర సరిగా పడదు. పుస్తకం భాషలో ఇది 'ఎక్సెప్షన్', ఎప్పుడో ఒకసారి జరిగే విషయం. కూలికి పోయే ఆడవాళ్ళకు అది నెలనెలా జరిగే విషయం. ముందే వాళ్ళను అడిగి ఉంటే, ముద్ర పడనప్పుడు ఏం చేయాలన్నది చివర అతికించిన ముక్కగా కాక మొదటి నుంచీ డిజైనులో భాగంగా ఉండేది కాదా?

ఇక ఆ బొమ్మల సంగతి. డేటా ఫ్లో డయాగ్రమ్ అంటారు. సమాచారం ఎక్కడినుంచి ఎక్కడికి ప్రవహిస్తుందో అది చూపిస్తుంది. వ్యవస్థకు బయట ఉన్న మనుషులు అందులో ఒక చదరం మాత్రమే. ఆ చదరంలో ఏం జరుగుతుందో గీయనవసరం లేదు. దరఖాస్తు ఒక బాణం, రశీదు ఇంకో బాణం. కానీ ఆ దరఖాస్తు ఇవ్వడానికి ఆమె ఒక రోజు కూలి పోగొట్టుకుంది. చంటిపిల్లను పక్కింట్లో వదిలింది. సర్వర్ పనిచేయడం లేదంటే వెనక్కి వచ్చి మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఎదురుచూడడం సమాచారం కాదు కాబట్టి దానికి బాణం లేదు. సాధ్యాసాధ్యాల పరిశీలన అని ఇంకో అధ్యాయం ఉంటుంది. కొత్త పద్ధతికి ఖర్చెంత, లాభమెంత అని అందులో లెక్కగడతారు. అది ఆఫీసు ఖర్చు, ఆఫీసు లాభం. గుమస్తా పని పది నిమిషాలు తగ్గి ఆడకూలీ పని ఒక పూట పెరిగితే, ఆ లెక్క ప్రకారం వ్యవస్థ విజయవంతమైనట్టే! ఇంట్లో స్త్రీల చాకిరీని లెక్కలోకి తీసుకోని పాత ఆర్థికశాస్త్రమే ఇక్కడ కొత్త వేషంలో కనిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు 'కుటుంబం' అన్న గడితో వస్తుంది. సర్కారు వ్యవస్థల్లో చాలావాటికి పునాది మనిషి కాదు, కుటుంబం. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం 100 రోజుల పనిని కుటుంబానికి హామీ ఇచ్చింది, మనిషికి కాదు. ఆ వంద రోజులూ ఇంట్లో ఎవరి వంతుకు ఎన్ని అన్నది వ్యవస్థకు పట్టలేదు. ఒక కార్డు మీద ఉన్నవాళ్ళంతా ఒక పొయ్యి మీద వండుకుని, ఒకరి మేలు ఒకరు కోరుకుంటూ ఉంటారన్న నమ్మకం దీని వెనక ఉంది. దెబ్బలు తిని పుట్టింటికి చేరిన ఆడదానికీ, కోడళ్ళు వేరు పెట్టిన అత్తకూ, పెళ్ళి కాకుండా తమ్ముడి పంచన ఉన్న అక్కకూ ఆ గడిలో చోటు లేదు. మన స్త్రీవాదులు ముప్ఫై నలభై ఏళ్ళుగా కుటుంబం ఒక్క ముద్ద కాదు, దానిలో అధికారం ఉంది అని వాదిస్తూ వస్తున్నారు. ఆ వాదన సాహిత్యంలోకి వచ్చింది, కొంతవరకు చట్టాల్లోకి వచ్చింది. కంప్యూటరు క్లాసులోకి ఇంకా రాలేదు.

గళ్ళు మారవా అంటే, మారాయి. 2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో కుటుంబ పెద్దగా ఇంట్లో 18 ఏళ్ళు నిండిన స్త్రీలలో పెద్దామెను చూపాలంది. అంతదాకా 'యజమాని' అంటే మగవాడే అనుకున్న చోట ఒక్క సెక్షనుతో ఆడమనిషి పేరు పైకి వచ్చింది. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు మార్చి తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు ఇస్తే చాలన్నారు. విడిపోయినవాళ్ళు భర్త లేక భార్య పేరు ఇవ్వనక్కర్లేదనీ, విడాకుల డిక్రీ అడగబోమనీ అన్నారు. 2018లో పాన్ కార్డు దరఖాస్తులో, తల్లి ఒక్కతే పెంచినవాళ్ళకు తండ్రి పేరు తప్పనిసరి కాదన్నారు. విమానం ఎక్కబోయే స్త్రీని అడగని విడాకుల కాగితాన్ని బియ్యం కోసం వచ్చిన స్త్రీని అడగడంలో ఏ సాంకేతిక అవసరం ఉంది?

ఇతర దేశాల్లో ఈ చదువును ఇంకోలా చేసిచూసినవాళ్ళున్నారు. నార్వేలో 1970ల్లో క్రిస్టెన్ నైగార్డ్ అనే కంప్యూటరు శాస్త్రవేత్త ఇనుము, లోహ కార్మికుల యూనియన్‌తో కలిసి, తమ ఫ్యాక్టరీలోకి వచ్చే కంప్యూటర్ల గురించి కార్మికులే చర్చించి తేల్చుకునేలా పనిచేశాడు. 1980ల్లో అక్కడే 'ఫ్లోరెన్స్' అనే ప్రాజెక్టులో పరిశోధకులు ఆసుపత్రి నర్సుల పనిని దగ్గరగా చూసి నేర్చుకున్నాకే వాళ్ళకు కావలసిన వ్యవస్థ గురించి ఆలోచించారు. ఇంగ్లండులో ఎనిడ్ మంఫర్డ్ సమాజశాస్త్రవేత్త. రేవు కార్మికులను అధ్యయనం చేయడానికి వాళ్ళు తినే క్యాంటీనులో పనిచేసిన మనిషి. వ్యవస్థను వాడేవాళ్ళే దాన్ని రూపొందించాలని చెప్పి, అందుకొక పద్ధతి తయారుచేసింది. ఇదంతా ఆ శాస్త్రం చరిత్రలో భాగమే. మన పిల్లల గైడ్లలో మాత్రం లైబ్రరీ, జీతాల బిల్లు, హోటలు గదులు తప్ప కనిపించవు.

నేను కంప్యూటర్లు వద్దనడం లేదు. కూలి డబ్బు మేస్త్రీ చేతిలో కాక తన పేరు మీది ఖాతాలో పడడం ఎంత తేడానో ఆడకూలీలకు తెలుసు. కాగితాల కాలంలో కరణం దస్తరం దళిత స్త్రీలకు న్యాయం చేసిందన్న భ్రమ నాకు లేదు. కానీ దస్తరం ముందు నిలబడి కరణాన్ని తిట్టడానికైనా వీలుండేది. ఇప్పుడు ఎదురుగా ఎవరూ లేరు. నిర్ణయం చేసినవాళ్ళు కనపడరు. కనపడే అమ్మాయికి నిర్ణయాధికారం లేదు.

ఒక పాఠం వల్ల ఏమవుతుందని నెల్లూరు జిల్లాలో అడగకూడదు. 1990ల మొదట్లో ఇక్కడి అక్షరాస్యత తరగతుల్లో సారా గురించిన పాఠం చదివి, తమ కథే అందులో ఉందని గుర్తించి, దూబగుంట ఆడవాళ్ళు 1991లో సారా కొట్టు మూయించారు. 1992 నాటికి అది జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ వాచకం చదివేవాళ్ళ బతుకునుంచి పుట్టింది కాబట్టే వాళ్ళను కదిలించింది. సిస్టమ్స్ పాఠం కూడా అలా చెప్పవచ్చు.

అందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ప్రాజెక్టుకు ఊళ్ళో ఉన్నదాన్నే తీసుకోవాలి: రేషన్ షాపు, అంగన్‌వాడీ రిజిస్టరు, పాలకేంద్రం, ఆసుపత్రి ఓపీ చీటీ. అడిగేవాళ్ళలో కనీసం సగంమంది వరసలో నిలబడేవాళ్ళు కావాలి, అదీ వాళ్ళు పొలం నుంచి ఇంటికి చేరిన వేళలో. సమాచారం నడిచే బొమ్మ పక్కన ఆ స్త్రీ నడిచే బొమ్మ కూడా గీయాలి: ఎన్నిసార్లు తిరిగింది, ఎంత కూలి పోయింది. ప్రతి గడికీ నాలుగు ప్రశ్నలు రాయాలి. ఇది ఎవరికి కావాలి? ఇవ్వలేకపోతే ఏమవుతుంది? ఎవరు చూస్తారు? చూస్తే ఎవరికి ప్రమాదం? ఫోను నంబరు గడికి ఈ చివరి ప్రశ్న వేసుకుని ఉంటే, ఆ కూలీ రహస్యంగా పెట్టుకున్న దరఖాస్తు సంగతి భర్తకు చేరేది కాదు. పక్క గదిలో సమాజశాస్త్రం చెప్పే లెక్చరరును రెండు క్లాసులకు పిలిస్తే చాలు.

ఈ చదువు బెంగుళూరు వెళ్ళేవాళ్ళకోసమే అనుకోవద్దు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు ఏర్పడినప్పుడు డిజిటల్ అసిస్టెంట్ అనే ఉద్యోగం పుట్టింది. డిగ్రీ చదివిన మన అమ్మాయిలు కూర్చునే కుర్చీలు అవే. "కంప్యూటరు తీసుకోవడం లేదు" అని చెప్పాల్సి వచ్చేది వాళ్ళే. అది సమాధానం కాదని వాళ్ళకూ, మనకూ తెలియాలి. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం, ఒక నిర్ణయం వల్ల నష్టపోయేవారికి దాని కారణాలు చెప్పడం ప్రభుత్వ కార్యాలయాల బాధ్యత. దరఖాస్తు తీసుకోకపోతే ఏ నిబంధన ప్రకారమో కాగితం మీద రాసిమ్మని మన సంఘాలు అడగాలి. ఒకరు అడిగితే విసుక్కుంటారు. పదిమంది కలిసి అడిగితే రాసివ్వక తప్పదు.

ఆ అమ్మాయి లైబ్రరీ బొమ్మ పక్కన పెట్టి, వాళ్ళమ్మ రాసే పొదుపు గ్రూపు పుస్తకం తీసుకుంది. మొదటిరోజే తల్లీ కూతుళ్ళకు వాదన. కూతురు గీసిన పట్టికలో 'బకాయి' అని ఒకే గడి ఉంది. తల్లి పుస్తకంలో దాని పక్కన ఇంకోటుంది, 'ఎందుకు కట్టలేదు' అని. పిల్లకు జ్వరం. పని దొరకలేదు. మొగుడు లాక్కున్నాడు. "ఇవన్నీ కంప్యూటరుకెందుకమ్మా?" అంది కూతురు. "కంప్యూటరుకు కాదు, మాకు. అది తెలీకుండా వాయిదా ఎట్ట ఇస్తాం?" అంది తల్లి. చివరికి ఆ గడి ఉంచారు.

కూలీ ఆమెకు ఇంకా కార్డు రాలేదు. ఈసారి ఆమెతోపాటు గ్రూపులోని మరికొందరం వెళ్ళి, కారణం రాసిమ్మని అడగబోతున్నాం.