ధొరసూ ఉద్వాసన వెనుక ఉన్న చట్టం

ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీలు దగ్గరపడిన ప్రతిసారీ తెలుగు పత్రికల క్రీడా పుటల్లో వికాశ్ ధొరసూ పేరు ఒకసారి తళుక్కుమంటుంది. 2006లో ఫ్రాన్స్ తరఫున బరిలో దిగిన తెలుగు సంతతి ఆటగాడు, ప్రపంచకప్‌లో ఆడిన తొలి భారత సంతతి వ్యక్తి, జిదాన్ సహచరుడు అన్న మూడు ముక్కలతో కథ ముగిసిపోయి, ఆ పోటీలు జరిగిన కొద్ది నెలలకే అతని ఉద్యోగం ఊడిన సంగతి చివరి పేరాలో 'కోచ్‌తో గొడవ' అన్న రెండు మాటల కింద అణగిపోతుంది. అసలు వ్యవహారమంతా ఆ రెండు మాటల కిందే ఉంది. 2006 అక్టోబరులో పారిస్ సేంట్ జెర్మేన్ క్లబ్బు ధొరసూను తొలగించినప్పుడు, ఫ్రాన్స్‌లో 1973 నాటి వృత్తి ఫుట్‌బాల్ నియమావళి వచ్చిన తరువాత ఒక క్లబ్బు ఆటగాణ్ణి ఈ విధంగా తొలగించడం ఇదే మొదటిసారని అప్పటి వార్తలు నమోదు చేశాయి. ముప్పై మూడేళ్లపాటు ఏ క్లబ్బూ దాటని గీతను ఒక క్లబ్బు దాటిందంటే, ఆ గీతను ఎవరు, ఎందుకు గీశారో తెలుసుకోకుండా దాన్ని కోపతాపాల వ్యవహారంగా రాసేయడం పాఠకుడికి చేసే అన్యాయమే.

ఆట వివరాలకు ఎక్కువ చోటు అక్కరలేదు. ఆంధ్ర ప్రాంతం నుంచి మారిషస్‌కు వెళ్లిన తెలుగు కుటుంబాల సంతతికి చెందిన ధొరసూ 1973 అక్టోబరు 10న ఫ్రాన్స్‌లోని లె ఆవ్ర్ ఓడరేవును ఆనుకుని ఉన్న ఆర్‌ఫ్లర్‌లో పుట్టి, లె ఆవ్ర్ క్లబ్బులోనే వృత్తి ఆటగాడై, లియోన్, బోర్డో, మిలాన్ జట్లలో ఆడి, లియోన్‌తో 2003, 2004 సంవత్సరాల్లో ఫ్రెంచి లీగ్ గెలిచి, 2005లో పారిస్ చేరాడు. 2006 ఏప్రిల్‌లో మార్సెయ్‌పై 2-1తో గెలిచిన ఫ్రెంచి కప్ ఫైనల్‌లో పారిస్ రెండో గోలు అతనిదే. దేశం తరఫున 18 మ్యాచులు ఆడి సైప్రస్‌పై ఒక గోలు చేశాడు. పత్రికలు మురిసిపోయే ప్రపంచకప్ ఘట్టమంటే స్విట్జర్లాండ్, దక్షిణ కొరియా మ్యాచుల్లో చివరి కొద్ది నిమిషాలు. మిగిలిన రోజుల్లో అతడు ప్రత్యామ్నాయ ఆటగాళ్ల బల్ల మీద కూర్చుని, హోటల్ గదిలో చిన్న సూపర్ ఎయిట్ కెమెరాతో తన ఖాళీ సమయాన్ని తానే చిత్రీకరించుకున్నాడు. ఆ దృశ్యాల నుంచి రూపొందిన 'సబ్‌స్టిట్యూట్' అనే చిత్రం గెలుపును గాక నిరీక్షణను చూపించింది.

క్లబ్బు మోపిన అభియోగాల్లో ప్రధానమైనవి రెండు. కోచ్ గీ లకోంబ్‌ను పత్రికాముఖంగా విమర్శించడం ఒకటి, ప్రధాన జట్టులో చోటు దక్కనివారిని ఆడించే రెండో జట్టు, అంటే రిజర్వ్ జట్టు తరఫున ఆడడానికి నిరాకరించడం మరొకటి. ఈ రెండూ నిజమే అనుకున్నా, వాటితో ఉద్యోగం పోతుందా అన్నదే చట్టం ముందున్న ప్రశ్న. ఫుట్‌బాల్ ఆటగాడి ఒప్పందం ఫ్రెంచి చట్టంలో గడువు ఒప్పందం, అంటే ఫలానా తేదీ వరకు అని ముందే రాసుకున్న ఉద్యోగ ఒప్పందం. గడువు లేని ఉద్యోగంలో యజమాని సహేతుకమైన కారణం చూపి, నోటీసు ఇచ్చి తొలగించవచ్చు. గడువు ఒప్పందాన్ని మధ్యలో తెంచాలంటే మాత్రం ఇరుపక్షాలూ అంగీకరించాలి, లేదా ఎవరి చేతుల్లోనూ లేని విపత్తు రావాలి, లేదా 'తీవ్రమైన తప్పిదం' జరగాలి. తీవ్రమైన తప్పిదమంటే ఆ మనిషిని ఇంకొక్క రోజు కూడా పనిలో ఉంచుకోవడం అసాధ్యమనిపించేంత ఉల్లంఘన. కోచ్‌కు నచ్చకపోవడం ఆ కొలతకు అందదు. అకారణంగా తెంచిన యజమాని మిగిలిన కాలానికి రావలసిన జీతం మొత్తానికి తగ్గకుండా నష్టపరిహారం చెల్లించాలి. గడువు అనేది ఇక్కడ యజమానికి వెసులుబాటు కాదు, పనివాడికి కవచం. రెండు మూడు నెలల గడువులతో పనివాళ్లను దినదినగండంగా తిప్పే మన కాంట్రాక్టు ఉద్యోగ సంస్కృతికి అలవాటుపడిన కళ్లకు ఈ తేడా వెంటనే కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆ కవచం ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. 1960ల వరకు ఫ్రాన్స్‌లో వృత్తి ఆటగాడు సంతకం చేసిన క్లబ్బుకు ముప్పై అయిదేళ్ల వయసు వచ్చేదాకా కట్టుబడి ఉండేవాడు. క్లబ్బు అతన్ని అమ్మవచ్చు, అట్టే పెట్టుకోవచ్చు, ఆడించకుండా కూర్చోబెట్టవచ్చు, కానీ అతడు వెళ్లిపోలేడు. పోలండ్ నుంచి వలస వచ్చిన గని కార్మికుల కుటుంబంలో పుట్టి, తానూ గనిలో పనిచేసి అక్కడే వేలు పోగొట్టుకుని, 1958లో ఐరోపా ఉత్తమ ఆటగాడిగా బంగారు బంతి అందుకున్న రేమోం కోపా 1963లో ఒక పత్రికతో ఫుట్‌బాల్ ఆటగాళ్లు బానిసలని అన్నందుకు శిక్షకు గురయ్యాడు. పత్రికతో మాట్లాడినందుకు ఆటగాణ్ణి శిక్షించే ఆనవాయితీ ధొరసూతో మొదలు కాలేదన్నమాట. అంతకు రెండేళ్ల ముందే, 1961లో, కామెరూన్ నుంచి వచ్చి ఆటతోపాటు న్యాయశాస్త్రం చదువుకున్న యూజెన్ న్జో లెయా, 1958 ప్రపంచకప్‌లో 13 గోల్స్ చేసిన జస్ట్ ఫోంటేన్ కలిసి వృత్తి ఆటగాళ్ల జాతీయ సంఘాన్ని స్థాపించారు. 1968 మే నెలలో దేశమంతా సమ్మెల్లో ఉన్నప్పుడు కొందరు ఆటగాళ్లు ఫుట్‌బాల్ సమాఖ్య కార్యాలయాన్నే ఆక్రమించారు. మరుసటి ఏడాది గడువు ఒప్పందం వచ్చింది. క్లబ్బుల అధిపతులు దాన్ని వెనక్కి లాక్కోవాలని చూసినప్పుడు 1972 డిసెంబరులో ఆటగాళ్లు సమ్మె చేశారు, ఆ సమ్మె ఫలితమే 1973 నియమావళి. నియమావళి అన్న పేరు పెట్టుకున్నా, దాని స్వభావం యజమానుల సంఘానికి, పనివాళ్ల సంఘానికి మధ్య కుదిరిన సామూహిక ఒప్పందమే. ఈ పన్నెండేళ్ల పోరాట చరిత్రలో ఒక్క ముక్క కూడా ధొరసూ గురించి తెలుగులో వచ్చే రాతల్లో కనిపించదు.

పత్రికతో మాట్లాడడం తప్పిదమా అన్న విషయంలో ఫ్రెంచి న్యాయస్థానాలు అప్పటికే ఒక దారి వేశాయి. టైర్లు తయారుచేసే డన్‌లప్ కర్మాగారంలో పనిచేసే క్లావో అనే కార్మికుడు రాత్రి షిఫ్టు ఎలా ఉంటుందో 'ల్యుమానితే' పత్రికకు వివరించి ఉద్యోగం పోగొట్టుకున్నప్పుడు, ఆ తొలగింపు చెల్లదని ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం కార్మిక విభాగం 1988 ఏప్రిల్ 28న తీర్పు చెప్పింది. కర్మాగారం గేటు దాటినంత మాత్రాన మనిషికున్న భావప్రకటన స్వేచ్ఛ గేటు బయట ఉండిపోదన్నది దాని సారం. దూషణ, అబద్ధపు నింద, హద్దుమీరిన మాట ఉంటేనే అది స్వేచ్ఛను దుర్వినియోగం చేయడం అవుతుంది. తనను ఎందుకు ఆడించడం లేదని కోచ్‌ను ప్రశ్నించిన ఆటగాడి మాట ఆ హద్దుకు ఇవతలే ఉంటుందన్నది బలమైన వాదన. రిజర్వ్ జట్టు సంగతి అంత తేలిక కాదన్నది నిజం. చెప్పిన మ్యాచ్ ఆడడం ఒప్పందంలోని బాధ్యతే, క్లబ్బు పక్షాన నిలబడగల అంశం ఇదొక్కటే. అయితే జాతీయ జట్టుతో ప్రపంచకప్‌కు వెళ్లివచ్చిన ఆటగాణ్ణి వెంటనే రెండో జట్టుకు పంపడం ఆట అవసరం కోసమా, లేక తనంతట తానే వెళ్లిపోయేలా చేయడానికా అన్నది అడగకుండా నిరాకరణను మాత్రమే విడదీసి తప్పిదంగా లెక్కించడం సరికాదు. వదిలించుకోదలచిన ఆటగాళ్లను విడిగా కూర్చోబెట్టే పద్ధతికి ఫ్రెంచి క్రీడాభాషలో 'లాఫ్ట్', అంటే అటక, అన్న పేరు స్థిరపడిందంటేనే ఆ పని ఎంత మామూలైపోయిందో తెలుస్తుంది.

ఇలాంటి వివాదాలు విచారించే కార్మిక న్యాయమండలికి ఫ్రాన్స్‌లో ప్రుదోమ్ అని పేరు. అందులో యజమానుల ప్రతినిధులు, పనివాళ్ల ప్రతినిధులు సమాన సంఖ్యలో న్యాయమూర్తులుగా కూర్చుంటారు. ఈ మండలి మొదట ఏర్పడింది 1806లో లియోన్ నగరంలో, పట్టు వర్తకులకూ నేతగాళ్లకూ మధ్య కూలి, సరుకు తగవులు తీర్చడానికి. నేత పనితో బతికిన, 1938లో మాచాని సోమప్ప స్థాపించిన సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఎమ్మిగనూరు వంటి ఊరికి ఈ సంగతి పరాయిదిగా తోచనక్కరలేదు. మగ్గం ముందు కూర్చున్నవాడు, మైదానంలో పరుగెత్తేవాడు ఒకే న్యాయపీఠం ముందుకు వెళ్లే ఏర్పాటు అది.

ధొరసూ తెలుగు మూలాల గురించి రాసేవారు ఆ మూలాలను కూడా సగమే చెబుతారు. 'మనవాడు' అన్న మాటలో నెత్తురు ఉంది గాని, ఆ నెత్తురును సముద్రం దాటించిన కాగితం లేదు. 1834 మొదలుకొని దాదాపు అయిదు లక్షల మంది భారతీయ కూలీలు మారిషస్ చెరకు తోటలకు వెళ్లారు. కోరంగి వంటి రేవుల మీదుగా వెళ్లిన తెలుగువారికి ఆ రేవు పేరే అక్కడ జాతి పేరైంది. వాళ్లనూ తీసుకువెళ్లింది గడువు ఒప్పందమే, సాధారణంగా అయిదేళ్లది, నెలకు అయిదు రూపాయల కూలితో. కానీ ఆ గడువు కూలీని కాపాడేది కాదు, కట్టిపడేసేది. పనికి ఒక రోజు రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దీనికి 'డబుల్ కట్', అంటే జమిలి కోత, అని పేరు, 1847లో ఇది శాసనంగానే వచ్చింది. 1867 నాటి చట్టం గడువు తీరిన కూలీ కూడా ఫొటో అంటించిన గుర్తింపు పత్రం లేకుండా తిరిగితే దేశదిమ్మరిగా పట్టి నిర్బంధించే వీలు కల్పించింది. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ 1871లో కూలీల తరఫున సమర్పించిన విన్నపం వల్ల రాజ విచారణ సంఘం వచ్చి ఈ దుర్మార్గాలను నమోదు చేసింది. ఆ కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది 2006 జులైలో, సరిగ్గా ఫ్రాన్స్ ప్రపంచకప్ ఫైనల్ ఆడిన నెలలో. రెండు వార్తలూ ఒకే నెలలో వచ్చినా ఒకే వాక్యంలో ఎవరూ కలపలేదు.

సముద్రం దాటనివారికీ ఇదే కాగితం మరో రూపంలో ఎదురైంది. 1859 నాటి పనివాళ్ల ఒప్పంద ఉల్లంఘన చట్టం ప్రకారం బయానా తీసుకుని పని మానేసిన కూలీని యజమాని ఫిర్యాదుపై జైలుకు పంపవచ్చు; అప్పు ఎగవేత సివిలు తగవు కాగా, శ్రమ ఎగవేత మాత్రం నేరమైంది. అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని తాలూకా కూడా ఆ చట్టం నీడలోనిదే, 1920ల నడుమ గాని అది రద్దు కాలేదు. ఈనాడు ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి ప్రాంతాల నుంచి సుగ్గికి, అంటే కోతల కాలపు వలస పనికి, గుంటూరు మిరప చేలకు వెళ్లే కుటుంబాలు మేస్త్రి చేతి నుంచి ముందుగా డబ్బు తీసుకుని బయలుదేరుతాయి. వలస కార్మికుల కోసమని చేసిన 1979 నాటి చట్టం రాష్ట్రాల సరిహద్దు దాటినవారికే ఉద్దేశించినది కావడంతో, కర్నూలు నుంచి గుంటూరుకు వెళ్లే కూలీ ఎన్ని వందల కిలోమీటర్లు పోయినా దాని లెక్కలోకి రాలేదు. ఒప్పందం ఎవరి చేతి ఆయుధమన్న ప్రశ్న పారిస్‌లో ఒక తీరుగా, మారిషస్ రేవు పోర్ట్ లూయీలో ఒక తీరుగా, పడమటి కర్నూలులో ఇంకొక తీరుగా తేలిందంటే, తేడా ఆ కాగితంలో లేదు. దాని వెనుక సంఘం ఉందా లేదా అన్నదానిలో ఉంది.

దక్షిణ అమెరికా నుంచి ఐరోపాకు వచ్చిన ఆటగాళ్ల కథలకూ తెలుగులో ఇదే గతి పట్టింది. ఆల్ఫ్రెడో దిస్తెఫానోను 1953లో రియల్ మాడ్రిడ్ బార్సిలోనా నోటి దగ్గర నుంచి ఎగరేసుకుపోయిందని రాస్తారే గాని, అతడు అర్జెంటీనా వదిలి కొలంబియా వెళ్లడానికి దారితీసినది స్వదేశంలో జరిగిన ఆటగాళ్ల సమ్మె అని రాయరు. బ్రెజిల్ ఆటగాడు మతుజాలెం 2007లో ఉక్రెయిన్‌లోని షఖ్తార్ దొనెత్స్క్‌ను గడువుకు ముందే వదిలి స్పెయిన్‌లోని జరగోజాకు వెళ్లినందుకు క్రీడా వివాదాల మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2009లో దాదాపు 1.19 కోట్ల యూరోల పరిహారం విధించగా, అది చెల్లించలేకపోతే ఆట నుంచే వెలివేస్తామన్న ఫిఫా బెదిరింపును స్విట్జర్లాండ్ సమాఖ్య న్యాయస్థానం 2012లో కొట్టివేసింది. మనిషి వ్యక్తిగత స్వేచ్ఛను అంతగా బిగించడం ప్రజాధర్మానికే విరుద్ధమని ఆ న్యాయస్థానం భావించింది. బాకీ తీరేదాకా పని చేసుకోనివ్వననడం 1859 నాటి ఆలోచనే, కాకపోతే అంకెకు సున్నాలు పెరిగాయి.

ధొరసూ వ్యవహారాన్ని ఆటగాడి అహంకారంగా చదివేవారు ఒక చిన్న లెక్క మరచిపోతారు. చట్టం ఇవ్వగలిగినది మిగిలిన నెలల జీతం మాత్రమే. 33వ పుట్టినరోజు వచ్చిన నెలలోనే జట్టు పోగొట్టుకున్న మధ్యరంగ ఆటగాడికి, చేరడానికి ఇంకో క్లబ్బు లేని ఆ శీతాకాలాన్ని ఏ న్యాయమండలీ తిరిగి ఇవ్వలేదు. 2007లో ఇటలీలోని లివోర్నో అతన్ని తీసుకుంది గాని, అతడు ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడకుండానే కొన్ని నెలల్లో అక్కడి నుంచి వెళ్లిపోయాడు, ఆట కూడా అంతటితో ఆగిపోయింది. తప్పిదం తీవ్రమైనదని నిరూపించవలసిన బాధ్యతను చట్టం యజమాని మీద పెట్టింది. తెలుగు క్రీడా పుటలు మాత్రం ఏ విచారణా లేకుండానే ఆ బరువును ఆటగాడి మీదికి మార్చేశాయి.