చిత్తు కాగితాలు పారేయొద్దు

ఏప్రిల్ చివరికొచ్చేసరికి హైదరాబాద్ రామంతాపూర్ గల్లీల్లో కరెంటు స్తంభాలకు సమ్మర్ క్యాంపుల ఫ్లెక్సీలు వేలాడతాయి. కరాటే, అబాకస్, కీబోర్డు, వాటి పక్కనే డ్రాయింగ్. క్యాంపు ఆఖరి రోజున తల్లిదండ్రులు వచ్చి అడిగే మొదటి మాట, ‘మా వాడు వేసిన బొమ్మ ఏది సార్?’ ఫీజు కట్టినవాళ్లు ఆ మాట అడగడంలో తప్పేమీ లేదు. అడుగుతారని తెలిసే డ్రాయింగ్ సార్ ముందు నుంచే జాగ్రత్తపడతాడు. ఫోన్‌లో ఓ హీరో ఫొటోనో, వినాయకుణ్నో చూపించి, గళ్లు కొట్టించి, ఆ గడిలో ఉన్నది ఈ గడిలోకి దింపిస్తాడు. ముక్కు వంకర పోయిన చోట తానే ఓ చెయ్యి వేస్తాడు. బొమ్మకు ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తారు. ఇంతా చేసి పిల్లవాడికి ఏం వచ్చిందో ఆ బొమ్మను చూసి ఎవరూ చెప్పలేరు. మనిషి బొమ్మ నేర్చుకునేవారి ఎదుగుదలకు నమ్మదగిన సాక్ష్యం ఇంకోటుంది: ఎదురుగా ఉన్న మనిషిని చూస్తూ నిమిషంలోనో రెండు నిమిషాల్లోనో గీసి పక్కన పడేసిన చిత్తు కాగితాలు, తేదీలతో సహా. వాటిని దాచాలనీ, వాటిని చదవడం నేర్చుకోవాలనీ, వీలైతే మార్కులు కూడా వాటికే వేయాలనీ నా వాదన.

బొమ్మ కుదరకపోతే మనం ముందు చేతిని తప్పుపడతాం. ‘మనదంతా మొద్దు చెయ్యి’ అనుకుని పెన్సిల్ పక్కన పెట్టేసినవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. 1997లో డేల్ కోహెన్, సూసన్ బెన్నెట్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కళ్లెదుట ఉన్నదాన్ని చాలామంది ఎందుకు ఉన్నట్టు గీయలేరో తేల్చడానికి ప్రయోగాలు చేశారు. చేతి నైపుణ్యం లేకపోవడం వల్ల వచ్చే పొరపాటు తక్కువేననీ, అసలు చిక్కు వస్తువును సరిగా చూడకపోవడంలోనే ఉందనీ వాళ్లకు తేలింది. తర్వాత 2005లో కోహెనే మరో సంగతి బయటపెట్టాడు. గీసేటప్పుడు ఎంత తరచుగా తలెత్తి చూస్తే బొమ్మ అంత కచ్చితంగా వస్తుంది. కొత్తవాళ్లు ఒకసారి చూసి చాలాసేపు గీస్తారు. అంటే ఎక్కువ భాగం తమకు తెలుసనుకున్నదే గీస్తారు. తల ఎత్తులో కళ్లు దాదాపు సరిగ్గా సగంలో ఉంటాయి. అయినా మొదటి వారం బొమ్మల్లో అవి నుదుటి మీదికి ఎక్కి కూర్చుంటాయి, ఎందుకంటే జుట్టుతో, మాడుతో మనకు పెద్దగా పనిలేదు, ముఖంతోనే పని. మణికట్టు గడ్డానికి ఆనించి అరచెయ్యి ముఖం మీద పెట్టుకుంటే వేళ్లు నుదుటి దాకా వస్తాయి. కాగితం మీద మాత్రం అదే చెయ్యి చంటిపిల్లదంత ఉంటుంది. ఈ తప్పులు చేతివి కావు.

అందుకే ఒక నిమిషం బొమ్మకు అంత విలువ. న్యూయార్క్ ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో పాఠాలు చెప్పిన కిమాన్ నికొలాయిడిస్ పద్ధతి ఆయన పోయాక 1941లో పుస్తకంగా వచ్చింది. మనిషి ఎలా ఉన్నాడన్నది వదిలేసి, ఏం చేస్తున్నాడన్నది ముందు పట్టుకోమంటాడు ఆయన. గడియారం పెట్టి గీయిస్తే కనురెప్పలు దిద్దడానికి టైముండదు. బరువు ఏ కాలి మీద ఉందో చూడక తప్పదు. మనిషి ఒంటికాలి మీద బరువు మోపి నిలబడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి జారుతుంది. గొంతు గుంట నుంచి దారం వేలాడదీస్తే బరువు మోసే పాదం దగ్గరికి దిగుతుంది. రామప్ప గుడి చూరు కింద మదనికల నడుము వంపును అందరం మెచ్చుకుంటాం. ఆ వంపును నిలబెట్టేది ఈ లెక్కే. ఇది తెలిసిన పిల్లవాడి గీత, తెలియనివాడి గీత నిమిషం బొమ్మలో వెంటనే బయటపడతాయి. గళ్లు కొట్టి దింపిన బొమ్మలో ఇద్దరూ ఒకటే.

చిత్తు కాగితాలను చదవడం కష్టమేమీ కాదు. మొదటి వారంవాటిలో గీత ముఖం దగ్గర మొదలై, అక్కడే తచ్చాడి, నడుము దగ్గరికొచ్చేసరికి కాగితం అయిపోతుంది. పాదాలుండవు. కొన్ని వారాలు పోయాక పాదాలు వస్తాయి. తర్వాత గీతలు తగ్గుతాయి. అప్పటిదాకా భుజానికి పది గీతలు పడినచోట రెండు పడతాయి. అయితే ఈ ఎదుగుదల మెట్లు ఎక్కినట్టు ఉండదు. ఎముకలు, కండరాల పాఠం మొదలైన కొత్తలో బొమ్మలు బిగుసుకుపోతాయి, అంతకుముందున్న జీవం కూడా పోతుంది. తెలిసినది చూపును కమ్మేసే దశ అది. ఒక్క ఫ్రేము బొమ్మ చూసి తీర్పు చెప్పే తండ్రి సరిగ్గా ఆ నెలలోనే క్లాసు మాన్పించేస్తాడు. కాగితాల కట్ట ముందుంటే అది వెనకడుగు కాదని ఆయనకూ తెలుస్తుంది.

నమూనా మనుషులను ఎక్కణ్నుంచి తేవాలన్న ప్రశ్న వస్తుంది. రామంతాపూర్‌లో ఉండి ఆ ప్రశ్న అడగడం విడ్డూరం. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర వరంగల్ బస్సు కోసం నిలబడే జనం చాలు. ఒకాయన గడ్డం ఛాతీకి ఆనించి కునుకు తీస్తుంటాడు. ఒకామె చంటివాణ్ని తుంటి మీద వేసుకుని, రెండో చేత్తో సంచి పట్టుకుని, ఆ రెండు బరువులకూ మధ్య వీపును విల్లులా వంచి నిలబడుతుంది. ఆ వీపు ఏ గూగుల్ బొమ్మలోనూ దొరకదు. ఒక మర్యాద మాత్రం పాటించాలి. తెలియని ఆడవాళ్లను గుచ్చిగుచ్చి చూస్తూ గీయడానికి కళ పేరు చెప్పుకోవడం కుదరదు. దూరం నుంచి, పోలికలు పడకుండా భంగిమ ఒక్కటే పట్టుకోవాలి, లేదా అడిగి గీయాలి.

ఫొటో చూసి గీస్తే తప్పేంటి, పెద్ద చిత్రకారులు వాడలేదా అంటారు. వాడారు. ఫ్రాన్స్‌లో డెగా వాడాడు. కానీ అప్పటికే ఆయన మనుషులను చూసి ఎన్నో ఏళ్లు గీసి ఉన్నాడు, కెమెరా ఎక్కడ అబద్ధం చెబుతుందో పట్టగలడు. దగ్గరి చేతిని కెమెరా పెద్దది చేస్తుంది, నీడలో ఉన్న కాలిని మింగేస్తుంది. ముఖ్యంగా, దేన్ని ఉంచాలి దేన్ని వదలాలి అన్న నిర్ణయం అదే చేసేస్తుంది. నేర్చుకునేవాడికి మిగిలేది నకలు రాయడం. సీనియర్ రికార్డు చూసి గుండె బొమ్మ దింపి సంతకం పెట్టించుకునే అలవాటు మన సైన్సు క్లాసుల్లో ఎప్పటి నుంచో ఉంది. డ్రాయింగ్ క్లాసుకు కూడా అదే తెగులు పట్టింది, అంతే.

కొందరు ఇంకో వైపు నుంచి వస్తారు. మన శాస్త్రాల్లో కొలతలున్నాయి కదా, ఎదురుగా మనిషెందుకు అని. నిజమే, విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం హంస జాతి పురుషుడికి 108 అంగుళాలని (ఇంచీలు కావు, వేలి వెడల్పులు) మొదలుపెట్టి అయిదు రకాల మనుషులకు కొలతలిచ్చింది. అక్కడితో ఆగలేదు. తొమ్మిది నిలకడలు చెప్పింది, ఒళ్లు తిరిగినప్పుడు ఒక భాగం కుంచించుకుపోయి మరో భాగం పెరిగి కనబడటాన్ని క్షయవృద్ధి అని పేరు పెట్టి మరీ చెప్పింది. కూర్చున్న మనిషి మోకాలు మన వైపు పొడుచుకొచ్చినప్పుడు తొడ ఎంత పొట్టిగా కనబడుతుందో ఆ క్షణంలో చూసినవాడికే తెలుస్తుంది. కొలతల పట్టిక అందుకు సాయం చేయదు.

బాపు ఏ ఆర్ట్ స్కూలుకు వెళ్లారన్నది మరో మాట, ఇది కాస్త బలమైనది. ఆయన లా చదివారు. వడ్డాది పాపయ్య ఇంట్లో తండ్రి దగ్గర మొదలుపెట్టారు. స్కూలు తప్పనిసరి అని నేనూ అనడం లేదు. కాగితాలు తప్పనిసరి అంటున్నాను. బాపు బొమ్మలో నాలుగు గీతలతో మనిషి లేచి నిలబడతాడంటే, వదిలేసిన గీతలెన్నో ఉండబట్టే. రాజమండ్రి కుర్రాడు దామెర్ల రామారావు దారి వేరు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చేరదీసి ప్రోత్సహిస్తే బొంబాయి జేజే స్కూలుకు వెళ్లాడు. ఎదురుగా మనిషిని ఉంచి గీయించడానికి అక్కడి ప్రిన్సిపాల్ గ్లాడ్‌స్టన్ సాలమన్ ప్రాధాన్యం ఇస్తున్న రోజులవి. తిరిగొచ్చి సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టి, 1925లో ముప్పై ఏళ్లయినా నిండకుండా పోయాడు. ఒకరు ఇంట్లో, ఒకరు బొంబాయిలో నేర్చుకున్నారు. ఇద్దరిలో ఎవరికీ చూపు ఊరికే రాలేదు.

జేజే పేరెత్తగానే నగ్న నమూనాల సంగతి వస్తుంది. లండన్ రాయల్ అకాడమీ ఆడ విద్యార్థులను 1893 దాకా ఆ క్లాసులోకే రానివ్వలేదు, రానిచ్చాక కూడా నమూనాకు వస్త్రం చుట్టబెట్టింది. కాబట్టి ఈ సంకోచం మన ఒక్కరిదే కాదు. ఆర్ట్ కాలేజీల్లో శరీరాన్ని నేరుగా చదవాల్సిందేనని నా అభిప్రాయం, పద్ధతులతో, నమూనాగా ఉండేవారి ఇష్టంతో. బడిపిల్లలకు ఆ అవసరమే లేదు. నేత చీర మోకాలి దగ్గర ఎలా బిగుసుకుంటుందో, లుంగీ మడత ఎక్కడ వేలాడుతుందో చూస్తే లోపలి కాలు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఏఐ గీసిపెడుతున్న రోజుల్లో ఇదంతా దేనికన్న ప్రశ్నకు పొడుగు జవాబు అక్కర్లేదు. యంత్రం వేసిన మనిషి నేల మీద నిలబడ్డాడా, గాల్లో తేలుతున్నాడా అన్నది చూడటానికైనా నేర్చిన కన్ను కావాలి. ఛోటా భీమ్ పుట్టిన ఊరు మనది, యానిమేషన్ కంపెనీలకు ఆ కన్ను ఎంత అవసరమో ఇక్కడివాళ్లకు చెప్పాల్సిన పనిలేదు.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్న బడికి ఆర్ట్ నేర్పడానికి పార్ట్‌టైం బోధకుడు ఉండాలి. ఆ పోస్టులు నింపడం ప్రభుత్వం పని. నింపిన చోటైనా, సమ్మర్ క్యాంపులోనైనా వెంటనే చేయగలిగింది ఒకటుంది. మొదటి రోజు ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టి పిల్లలందరితో గీయించాలి. ఆఖరి రోజు అదే మనిషిని, అదే కుర్చీలో, అంతే టైము పెట్టి గీయించాలి. ఫ్రేముల బదులు రెండు కాగితాలూ పక్కపక్కన గోడకు అంటించి తల్లిదండ్రులను పిలవాలి. కూర్చున్న మనిషి వాచ్‌మన్ అయినా ఆయా అయినా, ఆ గంటకు డబ్బు ఇవ్వాలి. కదలకుండా కూర్చోవడానికి డబ్బెందుకు అనేవారు ముందు తాము ఇరవై నిమిషాలు కూర్చుని, ఆ తర్వాత రేటు మాట్లాడొచ్చు.