తల్లిని నిలదీస్తారు, ఓనర్ని అడగరు

పసిబిడ్డ కిటికీలోంచి పడిందనగానే అందరి నోటా ఒకటే మాట: "తల్లి ఏం చేస్తోంది?" పొయ్యి మీద పాలు పొంగుతుంటే దించడానికి వెళ్లి ఉంటుంది. ఇంకో బిడ్డకు నీళ్లు పోస్తూ ఉంటుంది. ఆ కిటికీకి ఊచలెందుకు లేవని మాత్రం ఎవరూ అడగరు.

2024 ఏప్రిల్‌లో చెన్నై శివారు తిరుముల్లైవాయల్‌లో ఏడాదైనా నిండని పాప బాల్కనీ నుంచి జారి, కింది రేకుల మీద చిక్కుకుంది. ఇరుగుపొరుగు కింద దుప్పటి పట్టి, కిటికీలోంచి ఎక్కి కాపాడారు. ఆ వీడియో దేశమంతా చూసింది. పాప బతికింది. తల్లిని మాత్రం ముక్కూ మొహం తెలియనివాళ్లు నానా మాటలన్నారు. నెల తిరక్కుండానే ఆమె ప్రాణం తీసుకుంది.

ఇక్కడ బీదర్‌లో కొత్త లేఅవుట్లలోకి వెళ్లి తలెత్తి చూడండి. కింది అంతస్తు కిటికీలకు దిట్టమైన ఇనుప గ్రిల్. పై అంతస్తులకు ఉత్త స్లైడింగ్ అద్దం, దోమల జాలీ. కిరాయికి ఇల్లు చూడబోయి గ్రిల్ సంగతి అడిగితే, "ఇంత పైకి దొంగ ఎట్లొస్తడమ్మా?" అన్నాడు ఓనరు. బిడ్డ కోసం అన్నాను. "ఎలివేషన్ ఖరాబైతది" అన్నాడు. దొంగ లోపలికి రాకుండా ఆలోచించారు, బిడ్డ బయటికి పడకుండా ఆలోచించలేదు!

ఆ ఇంట్లో గది చిన్నది. మంచం పట్టేది కిటికీ కిందే. రెండేళ్ల పిల్ల మంచమెక్కి నిలబడితే కిటికీ గట్టు దాని నడుము దాకా కూడా రాదు. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. కాకిని చూద్దామని ముందుకు వంగితే చాలు, తలకిందులవుతుంది. ఇక ఆ జాలీ దోమను ఆపుతుందే గాని బిడ్డను ఆపదు. అరచేత్తో నెడితే పట్టాలోంచి ఊడొస్తుంది. అద్దం మూసుకోమంటారు. ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయిన బీదర్ మధ్యాహ్నం ఆ గదిలో ఒక్క గంట కూర్చుని ఆ మాట చెప్పమనండి.

ఇది దారి తెలియని సమస్య కాదు. న్యూయార్క్ ఆరోగ్య శాఖ 1972లో "పిల్లలు ఎగరలేరు" అని ఉద్యమం మొదలుపెట్టి, ప్రమాదం ఎక్కువున్న పేటల్లో కిటికీలకు ఉచితంగా అడ్డుకమ్మీలు ఇచ్చింది. రెండేళ్లలో బ్రాంక్స్‌లో ఇలా పడిపోవడాలు సగానికి తగ్గాయి. 1976లో చట్టమే చేశారు: మూడు, అంతకుమించి వాటాలున్న భవనంలో పదేళ్లలోపు పిల్లలుంటే కమ్మీలు బిగించాల్సింది యజమాని. తల్లి కాదు, యజమాని.

మన జాతీయ భవన నిర్మాణ నియమావళి బాల్కనీ పిట్టగోడ మీటరుకు తగ్గకూడదంటుంది. నక్షా మంజూరు చేసే అధికారుల్లో ఎందరు టేపు పట్టి కొలుస్తున్నారు?

అడిగేది పెద్ద కోరికేమీ కాదు. నిలువు ఊచలు, నాలుగు అంగుళాలకు మించని సందు. అడ్డ ఊచలైతే పిల్లలు నిచ్చెనలా ఎక్కేస్తారు. నిప్పంటుకుంటే బయటపడేందుకు పెద్దలు తీయగల రెక్క ఒకటి. ఏ వెల్డింగ్ షాపులోనైనా చేసిచ్చే పనే. గ్రిల్ బిగించకుండా పై అంతస్తుల ఇళ్లు కిరాయికివ్వద్దని పురపాలక అధికారులు ఈ ఎండాకాలం లోపే నోటీసులివ్వాలి. ఇవ్వకపోతే, ఈసారి ఏ బిడ్డ పడినా జవాబు చెప్పాల్సింది తల్లి కాదు, వాళ్లు.