బిళ్ళగన్నేరు కషాయం

"కీమో ఆపేసి బిళ్ళగన్నేరు కషాయం తాగనా అమ్మలూ? నువ్వు ల్యాబులో చేస్తావుగా!" తెనాలి నుంచి పిన్ని ఫోను. ఇక్కడ అర్ధరాత్రి. నిద్ర ఎగిరిపోయింది.

విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ మందులు ఆ మొక్కవే, నిజమే. 1950ల్లో కెనడాలో షుగరుకి పనికొస్తుందేమోనని ఆకురసం ఎలుకలకు పట్టారు. షుగరు తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే మాత్రం తెల్లకణాలు పడిపోయాయి. అక్కడ మొదలైంది కథ. బస్తాలకొద్దీ ఆకు నుంచి తీసేది చిటికెడు, మిల్లీగ్రాముల్లో కొలిచి నరంలోకే ఇస్తారు. కషాయంలో ఏ విషం ఎంతుందో ఎవరు కొలిచారు?

మా ప్లేట్లలో క్యాన్సర్ కణాలు బ్లీచుకీ చస్తాయండీ! అందుకే పక్కన మంచి కణాలూ పెట్టి చూస్తాం.

డాక్టరునడగకుండా ఏదీ తాగనని పిన్నితో ఒట్టేయించుకున్నా. పూలు దేవుడికి పెట్టుకోమన్నా.