వేగమా, నమ్మకమా?

పెట్టెమీద నచ్చువేసిన సంఖ్యను జూచి యంత్రము యొక్క వేగమును నిర్ణయించుట మన విద్యార్థులలో బెక్కుమందికి నలవాటైనది. అది సరియైన పద్ధతి కాదని మా యభిప్రాయము. గడియారము ముందుంచుకొని కొలిచినదే వేగము.

రెండు కంప్యూటర్లను సీరియల్ తీగతో గలిపితి మనుకొందము. పూర్వపు తంతివార్తలవలెనే యీ తీగలో బిట్లు ఒకదాని వెంట నొకటి పోవును. ఈ వేగమును దెలుపు ‘బాడ్’ అను మాట ఫ్రెంచి తంతి నిపుణుడగు ఎమిల్ బోడో పేరునుండి వచ్చినది. మన దేశమున తంతివార్తలు 2013 జూలైలో నిలిచిపోయినను, ఈ పద్ధతి నిలిచియే యున్నది. తూనిక యంత్రములలో ననేకము లిప్పటికిని దీనితోడనే తూకమును కంప్యూటరునకు బంపుచున్నవి.

వేగము సెకండునకు 9600 బిట్లని వ్రాసియుండును. 8 బిట్లొక బైటు గనుక 1200 బైట్లు పోవునని తొందరపడి చెప్పుదురు. కాని ప్రతి బైటునకును ఆరంభము దెలుప నొక బిట్టు, అంతము దెలుప నొక బిట్టు సాధారణముగా జేరును. కావున బోవునవి 960 బైట్లే. 96,000 బైట్ల ఫైలునకు 100 సెకండ్లు పట్టవలెను.

1977లో వెలువడిన ఎక్స్‌మోడెమ్ పద్ధతిలో నా ఫైలు 128 బైట్ల చొప్పున 750 భాగములగును. ప్రతి భాగమునకును లెక్క సరిచూచుటకై 4 బైట్లు చేరును. అందినదని యావలివాడు బదులు చెప్పిన పిమ్మటనే తరువాతి భాగము కదలును. ఇందుచే కాలము దాదాపు 104 సెకండ్లగును. ఇంకను హెచ్చుగా బట్టినచో బదులు వచ్చుటలో నాలస్యమో, చెడిన భాగమును మరల బంపుటయో కారణమై యుండును.

ఈ నాలుగు సెకండ్లు దండుగ యనువారు గలరు. మేమందులకు సమ్మతింపము. గుంటూరు మిర్చి యార్డున నొక టిక్కీ 45 కిలోలు తూగినదనుకొనుడు. కంప్యూటరు సంకేతములలో 5 అను అంకెకును 4 అను అంకెకును భేద మొక్క బిట్టే. ఆ యొక్క బిట్టు దారిలో దప్పినచో 45 కాస్తయు 44 అగును. రైతునకు గిలో మిరపకాయల వెల పోవును. ఎండలో గష్టించి పండించినవాని సొమ్మును నాలుగు సెకండ్ల కొరకు బలియిడుట న్యాయమా?

విద్యార్థులారా! ఒకే ఫైలును మూడుమారులు పంపి కాలమును వ్రాసికొనుడు. పిమ్మట పంపినదానిని అందినదానితో బోల్చిచూడుడు. రెండును సరిపోయినప్పుడే యా వేగమును లెక్కలోనికి దీసికొనుడు.