చేతిపనివానికి జామీను ఏల?

ఇంట అడుగిడు ప్రతి పనివానిచేతను, వాడు కరెంటు మేస్త్రీ యైనను, వంట మేస్త్రీ యైనను, షామియానాలు వేయువాడైనను, ముందుగా జామీను పత్రము వ్రాయించుకొనవలెనను మాట మనవారిలో కొందరి నోట వినవచ్చుచున్నది. అమెరికాలోని బిడ్డలు చెప్పిన మాట కాబోలు. కాలిఫోర్నియాలో లైసెన్సు పొందు కంట్రాక్టరు 2023 జనవరి నుండి 25,000 డాలర్ల బాండు చూపవలె ననుట నిజమే. కాని అచట సాధారణముగా పూచీపడునది కంపెనీ. పనివాడు దానికి రుసుము చెల్లించును. మనయెడ జామీను అనగా బావమరిది సంతకము, మేనమామ ఇల్లు. ఈ భేదమును మరచి ఆ పద్ధతిని బళ్ళారికి తెచ్చినచో నష్టపోవునది మోసగాడు కాదు, వాని బంధువు.

1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, వేరు షరతు లేనప్పుడు, జామీనుదారుని బాధ్యత అసలు బాకీదారుని బాధ్యతతో సమానము. బాకీదారుని వదలి నేరుగా జామీనుదారునిపై దావా వేయవచ్చును. మొగమాటమునకు సంతకము పెట్టి ఇల్లు పోగొట్టుకొనిన వారి కథలు మన పాత కుటుంబములకు క్రొత్తవా?

అట్లని జామీను ఎచటను వలదని మేమనము. చీటీలు నడుపువానిని చూడుడు. ఇరువదిమంది నెలకు అయిదేసి వేలు కట్టిన, నెలనెల లక్ష రూపాయలు వాని చేత పడును. పరుల ధనము ముందుగా చేత పట్టువాడు కనుకనే 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టము 20వ సెక్షను, ఫోర్‌మన్ తగిన పూచీని రిజిస్ట్రారుకు ముందుగా ఈయవలెనని శాసించినది. ఇది న్యాయము. విచిత్రమేమన, మేస్త్రీని జామీను అడుగుదమను పెద్దలలోనే కొందరు రిజిస్టరు కాని చీటీలలో నిశ్చింతగా సొమ్ము కట్టుచున్నారు!

మేస్త్రీ సంగతి వేరు. వాడు పని చేసిన పిదప కూలి పుచ్చుకొనును. అనగా అప్పిచ్చినవాడు వాడు, అప్పు పడినవారు మనము. పని చెడినచో కూలిలో కొంత నిలుపుకొనుట మన చేతిలోనిదే. అంతకు మించిన నష్టమునకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము కలదు. చెల్లించిన ప్రతిఫలము అయిదు లక్షలు మించనిచో జిల్లా కమిషనులో దాఖలు రుసుము సైతము లేదు. పెండ్లి వంటలకు వేలకు వేలు బయానా ఇచ్చి భయపడు వారికి మందు బయానా తగ్గించుటయే. జీన్సు దుస్తులు కుట్టు చిన్న షెడ్లవారికి యజమాని బట్టను అప్పగించును గదా యందురా? బట్ట లెక్కకు రసీదు చాలును. దానికై వాని ఇంటి పత్రములు పెట్టెలో దాచుకొన బనిలేదు.

సర్కారు టెండరులలో ఈ భారము మరింత స్పష్టము. 2017 నాటి కేంద్ర ఆర్థిక నియమముల ప్రకారము టెండరుతో పెట్టు ధరావతు అంచనా విలువలో రెండు నుండి అయిదు శాతము. నాలుగు లక్షల శుభ్రత పనికి అది ఎనిమిది వేల నుండి ఇరువది వేలు. పని దొరకకముందే ఆ సొమ్ము చిక్కుబడును. దొరకిన పిదప మరియొక ధరావతు. పెద్ద కంట్రాక్టరునకు ఇది లెక్కలోనిది కాదు, చిన్నవానికి గుమ్మముననే అడ్డము. కనుకనే కేంద్ర ప్రభుత్వపు 2012 ఉత్తరువు సూక్ష్మ, చిన్న సంస్థలకు ఈ మొదటి ధరావతును మినహాయించినది. రైల్వేవారికిని, దోణిమలై గనులు నడుపు ఎన్.ఎం.డి.సి. వంటి కేంద్ర సంస్థలకును ఇది వర్తించును. రిజిస్ట్రేషను లేనివానికి ఈ మినహాయింపు అందదు. కావున మన కుర్రవారు మొదట ఉద్యమ్ రిజిస్ట్రేషను చేయించుకొనవలెను.

ఇక మరియొక మాట. ఎచట జామీను తప్పదో అచట, సంతకము చేయువానికి పత్రము అర్థము కావలెను. మన వృద్ధులలో కన్నడము మాటలాడ నేర్చినవారు పలువురు, చదువ నేర్చినవారు కొందరే. కన్నడము రాష్ట్రభాష, దానిపై మనకు తగవు లేదు. ఐనను 1956 నాటి కేంద్ర ప్రభుత్వ స్మరణపత్రము, జిల్లాలో గాని అంతకు చిన్న ప్రాంతములో గాని పదునైదు ఇరువది శాతము జనులు వేరు భాష వారైనచో ముఖ్యమగు ప్రకటనలను, నియమములను ఆ భాషలోను ప్రచురించుట మేలని తెలిపినది. 1953లో బళ్ళారి తాలూకా ఎవరిదో తేల్చుటకు జస్టిస్ మిశ్రా విచారణ కావలసి వచ్చిన చోట తెలుగువారెందరో వేరుగా చెప్పనేల? జామీను పత్రముతోపాటు తెలుగు ప్రతిని ఈయవలెనని జిల్లా అధికారులకు మన సంఘము అర్జీ పెట్టవలెను. అది అందువరకు, చదివి వినిపించువాడు ప్రక్కన లేనిదే ఏ జామీను పత్రము మీదను వ్రేలిముద్ర వేయకుడు.