పురిటి నొప్పి భరించమని దేవుడు ఆజ్ఞాపించాడా?

వాక్యభాగము: ఆదికాండము 3:14–19, యోహాను 16:21



ఈసారి కొంచెం కఠినంగా రాస్తున్నాను. నా తోటి సేవకులు, సంఘ పెద్దలు, కోడలి కాన్పు సంగతులు ఇంట్లో తేల్చే అత్తమామలు కోపగించుకోకుండా చివరిదాకా చదవాలని మనవి.

పలాస, టెక్కలి మొదలుకొని వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి తీరం వరకు మన సంఘాల్లో ఆడపిల్లలు బాగా చదువుకున్నారు. విశాఖలోనో, హైదరాబాదులోనో కాపురం పెట్టి, పురిటికి పుట్టింటికి వస్తున్నారు. వాళ్ళ నోట ఇప్పుడు ఒక ప్రశ్న వినబడుతోంది. "అయ్యగారూ, కాన్పు నొప్పి తెలియకుండా నడుము దగ్గర ఇంజెక్షన్ ఇస్తారట, ఎపిడ్యూరల్ అంటారట. తీసుకుంటే తప్పా?"

దీనికి మన మధ్య తిరిగే జవాబు అందరికీ తెలిసిందే. "హవ్వ చేసిన పాపానికి దేవుడు వేసిన శిక్ష అది. తప్పించుకోవాలని చూడకూడదు. మా అమ్మలు కనలేదా, మేము కనలేదా?" ఈ జవాబు చెప్పేవాళ్ళు వాక్యాన్ని కాపాడుతున్నామని అనుకుంటున్నారు. నేను ఎదిరిస్తున్నది సరిగ్గా ఆ జవాబునే. వాక్యం చెప్పని మాటను వాక్యం పేరుతో చెప్పి, నొప్పుల్లో ఉన్న స్త్రీ మీద ఇంకో బరువు మోపుతున్నారు.

వాక్యం తెరిచి చూడండి

ఆదికాండము మూడో అధ్యాయంలో దేవుడు ముగ్గురితో మాట్లాడాడు: సర్పముతో, స్త్రీతో, పురుషునితో. శపించబడడం అనే మాట ఎక్కడెక్కడ ఉందో వేలు పెట్టి వెతకండి. 14వ వచనంలో సర్పం మీద ఉంది. 17వ వచనంలో నేల మీద ఉంది. స్త్రీతో మాట్లాడిన 16వ వచనంలో ఆ మాట లేదు. పాపం లోకంలోకి వచ్చాక ఆమె బ్రతుకులోకి ఏ బాధ రాబోతున్నదో దేవుడు ఆమెకు చెప్పాడు. ఆ బాధకు మందు వేసుకోవద్దని ఎక్కడా చెప్పలేదు.

ఇంకో సంగతి. స్త్రీ పడే బాధకు 16వ వచనంలో హెబ్రీ భాషలో వాడిన మాట ఇత్సాబోన్. మరుసటి వచనంలో పురుషుడు నేల దున్ని తిండి సంపాదించుకోవడానికి పడే కష్టానికి కూడా అదే మాట వాడబడింది. కనుక 16వ వచనం స్త్రీకి ఆజ్ఞ అయితే 17వ వచనం పురుషునికి ఆజ్ఞే. ముళ్ళు మొలిస్తే పీకకూడదు. చెమట పడితే తుడుచుకోకూడదు. పొలానికి మోటారు పెట్టకూడదు, ట్రాక్టరు తోలకూడదు, పడవకు ఇంజను బిగించకూడదు.

అలా బోధించే పాస్టరు ఉద్దానంలో ఒక్కడైనా ఉన్నాడా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరాన్ని దాటినప్పుడు కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకూలాయి. తరాలు పెంచిన తోట ఒక్క రాత్రిలో పోయింది. ఆ రోజు మనలో ఎవరైనా రైతు దగ్గరికి వెళ్ళి, "నేల శపించబడిందని వాక్యం ఉంది గనుక మొక్కలు నాటవద్దు, పరిహారం అడగవద్దు" అన్నామా? అనలేదు. పరిహారం జాబితాలో పేరు ఎక్కించమని అధికారుల దగ్గరికి వెంట నడిచాం. జీడి పిక్కల రసం వేళ్ళు కాల్చకుండా చేతికి నూనో బూడిదో రాసుకునే అమ్మలను ఎవరమూ తప్పుపట్టలేదు. కిడ్నీ జబ్బుతో ఉన్న సహోదరుణ్ణి వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు పంపి, అతని కోసం ప్రార్థిస్తున్నాం. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచినప్పుడు దేవునికి స్తోత్రం చెప్పాం.

పురుషుని చెమటకు ఉపశమనం దేవుని దయ, స్త్రీ నొప్పికి ఉపశమనం అవిశ్వాసమా? ఒకే వాక్యభాగానికి రెండు తూకపు రాళ్ళు వాడుతున్నాం. రెండు రకాల తూకపు రాళ్ళు యెహోవాకు హేయమని సామెతల గ్రంథం బోధిస్తోంది.

ఈ వాదన కొత్తది కాదు

1847లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే వైద్యుడు కాన్పుల్లో మొదట ఈథరు, ఆ ఏడాది నవంబరు నుంచి క్లోరోఫారం వాడాడు. అప్పుడు కూడా ఆదికాండము 3:16 చూపించి అభ్యంతరం చెప్పినవాళ్ళు ఉన్నారు. ఆయన అదే ఏడాది డిసెంబరులో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి బైబిలుతోనే జవాబు చెప్పాడు. ఆదికాండము 2:21 చూపించాడు: ఆదాము ప్రక్కటెముక తీయడానికి ముందు దేవుడు అతనికి గాఢనిద్ర కలుగజేశాడు. శరీరాన్ని తెరవక ముందు నొప్పి తెలియకుండా చేయడం దేవునికి తగని పని అయితే ఆయనే ఎందుకు చేస్తాడు?

1853 ఏప్రిల్ 7న ఇంగ్లండు రాణి విక్టోరియా తన కుమారుడు లియోపోల్డును కన్నప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు ఆమెకు క్లోరోఫారం ఇచ్చాడు. రాణికి తప్పు కానిది రట్టి గ్రామపు ఆడబిడ్డకు తప్పు ఎలా అవుతుంది?

అంత దూరం కూడా పోనక్కరలేదు. మన సోంపేటలో కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషను వైద్యుడు బెన్ గల్లిసన్ ఆరోగ్యవరం ఆసుపత్రిలో కళ్ళు బాగుచేశాడు. ఆయన పనికి తోడుగా 1963లో కెనడాలోని కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. ఈ ప్రాంతంలో సువార్త ఒక చేత బైబిలు, ఒక చేత మందు పట్టుకుని నడిచింది. ఆ మిషను నీడలో పెరిగిన సంఘాలు ఈనాడు మందును అనుమానంగా చూడడం విచారకరం.

కొందరు అడిగే ప్రశ్నలు

"సిలువ మీద ప్రభువు మత్తు కలిపిన ద్రాక్షారసం తీసుకోలేదు కదా?" నిజమే, మార్కు 15:23లో ఉంది. ఆయన మన పాపభారం మోస్తూ తన ఇష్టముతో నిరాకరించాడు. అయితే ఆయన ఏ రోగితోనైనా "నొప్పి ఓర్చుకో, అది నీకు మంచిది" అని చెప్పి పంపాడా? పేతురు అత్త జ్వరంతో పడుకుని ఉంటే చెయ్యిపట్టి లేవనెత్తాడు. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టాడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు మందులాంటి సలహా ఇచ్చాడు. మన రోగాలను ఆయనే మోసుకున్నాడని నమ్మేవాళ్ళం, మళ్ళీ వాటిని ఆడబిడ్డ వీపు మీద ఎక్కిస్తామా?

"యోహాను 16:21లో ప్రభువే ప్రసవవేదన గురించి చెప్పాడు కదా?" చెప్పాడు. బిడ్డ పుట్టిన సంతోషంలో ఆమె ఆ వేదన మరచిపోతుందన్నాడు. ఆయన అక్కడ ఆనందాన్ని హెచ్చించాడు. ఆ వేదన చల్లారడం ఆయనకు ఇష్టమే గాని, కొలత ప్రకారం అనుభవించి తీరాలని ఆయన అనలేదు.

"మా అమ్మలు భరించలేదా?" భరించారు. వారికి నమస్కారం. కాని భరించలేక పోయినవాళ్ళ పేర్లు కూడా బైబిలులో ఉన్నాయి. రాహేలు బెన్యామీనును కంటూ బేత్లెహేము దారిలో ప్రాణం విడిచింది. ఫీనెహాసు భార్య కాన్పులోనే చనిపోయింది. మన ఊళ్ళలోనూ ఎందరో. అందుకే ఈనాడు మంత్రసాని కోసం కబురు పెట్టకుండా 108కి ఫోను చేస్తున్నాం. అమ్మలు పడ్డారు గనుక కూతుళ్ళూ పడాలనడం ప్రేమ లక్షణం కాదు.

ఎపిడ్యూరల్ గురించి ఉన్నది ఉన్నట్టు

పాపం కాదు అన్నాను గనుక అందరూ తీసుకోవాలని నా బోధ అనుకోవద్దు. తెలుసుకుని నిర్ణయించుకోవాలి.

నడుము భాగంలో వెన్నుపూసల మధ్య నుంచి, వెన్నుపామును కప్పిన పొరకు బయట ఉండే ఖాళీలోకి మత్తు డాక్టరు సన్నటి గొట్టం పెడతారు. దాని ద్వారా కొద్దికొద్దిగా మందు ఎక్కిస్తారు. సుమారు పావుగంట, ఇరవై నిమిషాల్లో నొప్పి తగ్గుతుంది. తల్లి మెలకువగానే ఉంటుంది, బిడ్డ ఏడుపు తన చెవులతో వింటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. బీపీ పడిపోవచ్చు. ఒళ్ళు దురద, వణుకు, జ్వరం రావచ్చు. మూత్రానికి గొట్టం పెట్టవలసి రావచ్చు. బిడ్డను బయటికి నెట్టే సమయం పెరగవచ్చు. సుమారు వందమందిలో ఒకరికి తర్వాత తీవ్రమైన తలనొప్పి వస్తుంది, దానికి వైద్యం ఉంది. కొన్నిసార్లు నొప్పి ఒక పక్కనే తగ్గి ఇంకో పక్క మిగలవచ్చు. రక్తం గడ్డకట్టడంలో లోపం ఉన్నవారికి, ప్లేట్‌లెట్లు బాగా తక్కువ ఉన్నవారికి ఇవ్వరు. "ఆ సూది పడితే జీవితాంతం నడుము నొప్పే" అని మన ఊళ్ళలో బలంగా నమ్ముతారు. పరిశోధనల్లో అది నిలబడలేదు. దానివల్ల సిజేరియన్లు పెరుగుతాయన్న భయం కూడా నిలబడలేదు.

ఉద్దానం అక్కచెల్లెళ్ళకు ఒక ప్రత్యేక మాట. మీకు గాని, మీ ఇంట్లో గాని కిడ్నీ జబ్బు, బీపీ ఉంటే మొదటి నెలల్లోనే డాక్టరుకు చెప్పండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు దెబ్బతిన్న కిడ్నీలకు హాని చేస్తాయి. కాన్పు ముందైనా, తర్వాతైనా ఎవరు నొప్పి ఇంజెక్షన్ ఇవ్వబోయినా ఆ సంగతి నోరు తెరిచి చెప్పండి.

నొప్పికీ కత్తికీ మధ్య

ఎపిడ్యూరల్ ఇవ్వాలంటే మత్తు డాక్టరు కాన్పు అయ్యేదాకా అందుబాటులో ఉండాలి, తల్లి బీపీని, బిడ్డ గుండెను చూస్తూ ఉండాలి. ఆ వసతి ఎక్కువగా పెద్ద ఊళ్ళ ఆసుపత్రులకే పరిమితం. మందస కొండ దిగువ ఊరి నుంచి వచ్చే గర్భిణికి విశాఖ వంద కిలోమీటర్లు దాటిన దూరం. కనుక ఆమె ముందు మిగిలేవి రెండు: ఏ ఉపశమనమూ లేని నొప్పి, లేదా పెద్ద ఆపరేషన్.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో వంద కాన్పుల్లో 42కు పైగా సిజేరియన్లే. దేశం మొత్తం మీద అది 21కి కొంచెం పైన. అవసరమైన ఆపరేషను ప్రాణం కాపాడుతుంది, దేవునికి స్తోత్రం. కాని నొప్పికి భయపడి, మంచిరోజు చూసుకుని కోయించుకునే కాన్పులు మన విశ్వాసుల ఇళ్ళలోనూ లేవా? ఇక్కడే నా తోటి సేవకులను అడుగుతున్నాను. పొట్ట కోసి బిడ్డను తీస్తే మీరు నోరు మెదపరు. ఆ ఆపరేషనుకూ నడుములోనే మత్తు సూది పడుతుంది. పొట్ట కోయకుండా, అదే నడుములో సూదితో నొప్పి తగ్గిస్తే మాత్రం ఆదికాండము తెరుస్తారు. ఇదేమి న్యాయం?

నిర్ణయం ఎవరిది?

నొప్పి ఎవరిదో నిర్ణయం వారిది. అత్తగారిది కాదు, భర్తది కాదు, పాస్టరుది అసలే కాదు. వైద్యులు ఆమె ఆరోగ్యాన్ని బట్టి వీలవుతుందో లేదో చెబుతారు. తర్వాత తీసుకుంటాననే తల్లికి విశ్వాసం తక్కువ కాదు. వద్దు, ఓర్చుకుంటాననే తల్లికి విశ్వాసం ఎక్కువా కాదు. నొప్పులు మొదలయ్యాక ఆమె మనసు మార్చుకుంటే అదీ ఆమె హక్కే.

సంఘంగా మనం చేయగలిగినవి ఉన్నాయి. ఏడో నెల దాటక ముందే భర్త ఆమెతో కూడా ఆసుపత్రికి వెళ్ళి, నొప్పి తగ్గించడానికి అక్కడ ఏమున్నదో, మత్తు డాక్టరు రాత్రిపూట ఉంటారో లేదో, ఖర్చెంతో అడగాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలో తల్లికి తోడుగా ఒక స్త్రీని ఉండనివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. ఎపిడ్యూరల్ దొరకని చోట కూడా ఇది దొరకాలి. పక్కన ధైర్యం చెప్పే మనిషి ఉంటే కాన్పు తేలికవుతుందని పరిశోధనలు చూపాయి. అప్పనో, పిన్నినో లోపలికి పంపమని మర్యాదగా అడగండి. స్త్రీల సమాజం వారు ఇందుకు ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులను సిద్ధపరచాలి. టెక్కలి, పలాస ఆసుపత్రులకు మత్తు డాక్టర్లను ఇవ్వమని సంఘాలు కలిసి అర్జీ పెట్టాలి. డయాలసిస్ కోసం గొంతెత్తిన ఉద్దానం దీనికోసం ఎత్తలేదా?

షిఫ్రా, పూయా అనే మంత్రసానులు ఫరో ఆజ్ఞకు భయపడక దేవునికి భయపడి కాన్పు గదిలో స్త్రీల పక్షాన నిలిచారని నిర్గమకాండము మొదటి అధ్యాయం చెబుతుంది. దేవుడు వారికి మేలు చేశాడు. మనమూ ఆ గది బయట నిలబడి తీర్పు తీర్చడం మాని, ఆమె పక్షాన నిలుద్దాం.

ప్రార్థన: కనికరముగల తండ్రీ, ఈ వారం ఈ తీరాన నొప్పులు పడబోతున్న ప్రతి బిడ్డను నీ చేతిలో పెట్టుకో. ఆమెకు మంచి వైద్యులను, తోడును, నిర్ణయించుకునే ధైర్యాన్ని ఇవ్వు. నీ వాక్యాన్ని ఆమె మీద రాయిగా విసరకుండా మా నోళ్ళకు కావలి పెట్టు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.